వీధివైపు దండెం

"వెనకవైపు దండెం ఖాళీగా ఉండగా వీధివైపే ఎందుకు మామయ్యా?" అంది ఒర్నెల్లా.

కిటికీ బయట దండెం మీద మామగారు ఒరెస్తే గారు లోపల తొడిగే పొడుగాటి ఉన్ని లాగు, మోకాళ్ల దగ్గర మాసికలతో వేలాడుతోంది. ఫ్లోరెన్సులో ఒద్దికైన ఏ ఇల్లాలైనా దుప్పట్లూ బల్లగుడ్డలూ వీధివైపు ఆరేస్తుంది. ఒంటిని అంటుకునే బట్టల్ని లోగిలి వైపు దాచేస్తుంది.

"అటు ఎండ రాదు. ఉన్ని ముక్కిపోతుంది," అన్నాడు ముసలాయన.

"ఇవాళ నా నడకకి వచ్చే జనాన్ని ఈ వీధిలోంచే నడిపించాలి. బెత్తరీని గారు కూడా వస్తున్నారు."

"రానీ. ఎండేమైనా ఆవిడ సొత్తా?"

"తద్దేయో, నువ్వయినా చెప్పు మీ నాన్నకి."

ఆమె భర్త తద్దేయో కాఫీ కప్పులోకి తొంగిచూసి, "ఇప్పుడు తీస్తే ఇల్లంతా కారుతుంది కదా," అని ఏ పక్షానికీ చెందని మాట ఒకటి అన్నాడు.

ఇటలీ వాళ్ల బట్టల చరిత్రను కాలినడకన చూపించడం ఒర్నెల్లా ఉద్యోగం. ఉన్ని వర్తకుల భవనం, పట్టు నేసినవాళ్ల సందు, యుద్ధం తర్వాత విదేశీ వ్యాపారులను పిలిచి ఇటలీ దుస్తులు చూపించిన తెల్ల హాలు. చెప్పేదాంట్లో తప్పుండదు, కానీ జనమే సగంలో ఐస్‌క్రీం దుకాణానికి జారుకుంటున్నారు. ఈసారీ జారుకుంటే ఈ నడక ఎత్తేసి ఆ శనివారాలు తోటల నడకకి ఇస్తానని యజమానురాలు బెత్తరీని చెప్పేసింది.

ఆ రోజు తెల్ల హాలు దగ్గర ఇద్దరు ఆవులించారు. పట్టు సందులో ఒకావిడ మెట్టు మీద కూలబడి బూటు విప్పింది. బెత్తరీని చేతి గడియారం చూసుకుంది. అది చూసి ఒర్నెల్లాకి భయం వేసింది. ఇంటి వీధి తప్పించి పక్క సందులోకి తిప్పుదామనుకునేలోగా, ఇదే దగ్గర దారంటూ బెత్తరీని ముందే ఇంటి వీధిలోకి నడిచింది.

సరిగ్గా కిటికీ కిందకి రాగానే ఆవిడ పట్టు స్కార్ఫు మీద లాగు నుంచి నీటిచుక్క పడింది. ఆవిడ తలెత్తింది. ఆవిడతోపాటు అందరూ తలెత్తారు.

"ఎవరిదిది?" అంది బెత్తరీని.

తెలియదంటే సరిపోయేది. కానీ పొద్దుటినుంచీ అన్ని కళ్లూ ఒకేచోట నిలిచింది ఇప్పుడే. ఆ అవకాశం వదులుకోవడానికి ఒర్నెల్లాకి మనసొప్పలేదు.

"మా మామగారిది," అంది. "మా వాళ్ల సోకు కథ అంతా ఇక్కడే ఉంది. లోపల ఎన్ని మాసికలున్నా, వీధిలోకి ఎలా వస్తారో చూడాలి."

తలుపు తెరుచుకుంది. బూడిదరంగు కోటు, టై, టోపీ, మెరిసే బూట్లతో, చేతిలో గుడ్డసంచీతో ఒరెస్తే గారు దిగారు. రొట్టె కొనడానికి.

"ఆయన పైజేబు కుడివైపు ఉందేం?" అంది బూటు విప్పిన ఆవిడ.

ఒర్నెల్లా చెవులు ఎర్రబడ్డాయి. చుట్టాల ముందు ఆ కోటు వేసుకోవద్దని ఎన్నిసార్లు బతిమాలిందో.

"చెప్పు కోడలా," అన్నాడు ముసలాయన. "చరిత్ర నీ డిపార్టుమెంటు కదా."

చెప్పింది. అది ఆయన తండ్రి కోటు. పైన వెలిసిపోతే కొత్త గుడ్డ కొనలేక, దర్జీ చేత కుట్లన్నీ విప్పించి, లోపలి వైపు పైకి తిప్పి మళ్లీ కుట్టించారు. ఎడమ జేబు కుడికి వచ్చింది. "ఆ రోజుల్లో పెళ్లికి వెళ్తే ముందు జేబు ఏ పక్కనుందో చూసేవాళ్లట, ముఖం తర్వాత," అంది. అందరూ నవ్వారు. ఒరెస్తే గారు అంచు మడిచి వెలిసిన వైపు చూపిస్తూ పెళ్లికొడుకులా గుండ్రంగా తిరిగారు. ఐస్‌క్రీం ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ చిక్కుళ్లూ రొట్టె వేసి కాచిన చారు ముందు కూర్చున్నారు.

"నడక ఉంటుందట," అంది ఒర్నెల్లా. "బెత్తరీని ఫోన్ చేసింది. కోటూ కావాలట, లాగూ కావాలట. సరే, ఆరేసుకోండి మామయ్యా. కాస్త పిండి ఆరేయండి, ఆవిడ స్కార్ఫు పాడైంది."

ఒరెస్తే గారు మీసానికి అంటిన నూనె తుడుచుకుని చెంచా కింద పెట్టారు.

"ఇద్దరూ వినండి. ఇకమీదట శనివారాలు వీధి దండెం నాది. రొట్టె తేవడం కూడా నాదే. పిండటం మాత్రం కుదరదు. పొడిగా ఉంటే ఎవరు తలెత్తి చూస్తారు?"