గుర్రం పంపిస్తానండి

లక్ష్మీప్రసన్న కేదారనాథ్ బయల్దేరింది దేవుణ్ణి చూడటానికి కాదు. యాత్ర నడిపే శ్రీహరి కోసం.

రెండేళ్ల కిందట ఇదే శ్రీహరి వెంట ఆమె భర్త గంగరాజు వెళ్లాడు. ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు బాగుచేసే మెకానిక్కు. మంచుకొండలు ఒక్కసారైనా చూడాలని ఆశపడ్డాడు. దారిలోనే ఊపిరందక చనిపోయాడు. శవం కోసం వెళ్లిన గంగరాజు తమ్ముడితో శ్రీహరి, "గుర్రమెక్కమంటే వినలేదండి. నడిచే వస్తానని మొండికేశారు" అన్నాడు. ఊరంతా అదే నమ్మింది. గంగరాజు తల్లి సుందరమ్మ కూడా నమ్మింది. "చేజేతులా చచ్చాడు, మొండి వెధవ" అంటూ కొడుకు ఫొటోని గోడకు తగిలించనివ్వలేదు.

గంగరాజు ఫోను వానకు తడిసి స్క్రీను పోయింది. దాన్ని చూడబుద్ధి కాక ప్రసన్న ఏడాదిన్నర బీరువాలో పడేసింది. చివరికి ఏలూరులో బాగుచేయించి తెరిచింది. ఆఖరి రోజున శ్రీహరికి పదకొండు కాల్స్ ఉన్నాయి. ఒక్కటీ ఎత్తలేదు. కింద ఒక వాయిస్ మెసేజ్.

"శ్రీహరి గారండీ, గుర్రం పంపిస్తాను, ఇక్కడే కూర్చోమన్నారు కదండీ. మూడు గంటలైందండి. ఇంకా రాలేదండి. ఊపిరాడట్లేదండి."

అవతలివాడు విన్నట్టు నీలం గుర్తు పడి ఉంది.

ప్రాణం పోతున్నా మనిషి 'అండీ' అనడం మానలేదు. ప్రసన్నకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా కారం పూసినట్టు మండింది. మరిది వెళ్లి అడిగితే శ్రీహరి తడుముకోలేదు. "గుర్రాన్ని పంపానండి. ఆయనే ఎక్కలేదు." అంతే. పంపలేదని చెప్పగలిగిన మనిషి లోకంలో శ్రీహరి ఒక్కడే.

ప్రసన్న కూడా కొండ ఎక్కాలనుకుంది. కొల్లేటి ప్రాంతంలో ఎత్తంటే చెరువు గట్టే. అందుకని ఆకివీడు స్టేషన్లో పట్టాలు దాటే వంతెనను రోజూ పొద్దున్నే నలభై సార్లు ఎక్కి దిగింది. ఆరు నెలల తర్వాత తాడేపల్లిగూడెంలో శ్రీహరి ఆఫీసుకు వెళ్లి, ఆధార్లో ఉన్న పుట్టింటి పేరుతో టికెట్టు రాయించుకుంది. పరామర్శకైనా ఇంటి గడప తొక్కని మనిషికి ఆమె ముఖం తెలియదు.

గౌరీకుండ్ నుంచి నడక మొదలైంది. మిగతావాళ్లలో చాలామంది గుర్రాలెక్కారు. ప్రసన్న నడిచింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయలో హోరుమంటున్న మందాకిని. లించోలి దాటాక ఒక మలుపు దగ్గర శ్రీహరి అందరినీ ఆపాడు.

"ఇక్కడే రెండేళ్ల కిందట మన జిల్లా ఆయన ఒకాయన పోయారండి. నా మాట వినకుండా మొండికేసి నడిచారు. అందుకే చెప్తున్నాను, నేను చెప్పినట్టు వినండి."

"అదేం మూర్ఖత్వమండీ!" అన్నారు రిటైరైన మాస్టారు బాలస్వామి.

శ్రీహరి అంచున నిలబడి లోయను వీడియో తీసుకుంటున్నాడు. ప్రసన్న రెండడుగులు ముందుకు వేసింది. ఒక్క తోపు చాలు. కానీ వీడు చస్తే ఆ అబద్ధమే నిజమై మిగిలిపోతుంది. ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం దిగుతుంటే వాన అందుకుంది. అందరూ ముందు వెళ్లిపోయారు. శ్రీహరి పెద్దదారి వదిలి బండల మధ్య అడ్డదారిలో దిగాడు. ప్రసన్న వెనకే దిగింది. సగంలో అతని కాలు జారింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు వినబడింది.

"మేడమ్, ఇక్కడెవరికీ కనబడం. కింద టీకొట్ల దగ్గర గుర్రాలుంటాయి. ఒకదాన్ని పంపించండి, మీకు పుణ్యముంటుంది."

"పంపిస్తానండి. ఇక్కడే కూర్చోండి" అంది ప్రసన్న.

పావుగంటలో టీకొట్టుకు చేరింది. బయట ఆరు గుర్రాలు తడుస్తూ నిలబడి ఉన్నాయి. ఆమె లోపల కూర్చుని టీ తాగింది. ఫోను మోగింది, శ్రీహరి. మోగనిచ్చింది. మళ్లీ మోగింది. మళ్లీ.

కాసేపటికి బాలస్వామి మాస్టారు చేశారు. "అమ్మా, శ్రీహరి గారు పడిపోయారటగా? గుర్రం రాలేదంటున్నారు."

"పంపించానండి. ఆయనే ఎక్కనంటున్నారు."

మాస్టారు నమ్మి ఫోను పెట్టేశారు. ఆ మాట అన్నాక ఆమెకు తన గొంతే కొత్తగా అనిపించింది. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందా! ఇంకో టీ చెప్పింది.

గంటన్నరకు వాయిస్ మెసేజ్ వచ్చింది. "అమ్మా, వణుకొచ్చేస్తోందమ్మా. మీ కాళ్లు పట్టుకుంటాను." తను విన్నట్టు అతనికి తెలియాలనే, చివరిదాకా వింది.

రెండు గంటలయ్యాక లేచి, ఒక గుర్రాన్నీ దాన్ని నడిపే మనిషినీ తీసుకుని ఎక్కింది. శ్రీహరి పెదాలు నల్లబడ్డాయి. ఆమెను చూసి చేతులు జోడించాడు. ప్రసన్న అతని ముందు కూర్చుని గంగరాజు ఫోను తీసి ఆ మెసేజ్ వినిపించింది. "శ్రీహరి గారండీ..." అనగానే అతని ముఖం పాలిపోయింది.

"గంగరాజు గారి భార్యనండి. గుర్రాన్ని పంపారా? పంపలేదా?" తన ఫోనులో వీడియో రికార్డింగ్ నొక్కింది.

"ముందు నన్ను ఎక్కించమ్మా..."

"చెప్పాక ఎక్కుదురు గానండి."

వాన అతని ముఖం మీద కారుతోంది. "దర్శనానికి ఆలస్యమవుతోందని... పైకెళ్లాక పంపుదామనుకున్నాను. మర్చిపోయానమ్మా."

"మెసేజ్ విన్నాక కూడానా?"

"విన్నాక భయమేసింది. వెనక్కి వెళ్తే తప్పు నా మీదకొస్తుందని... పంపలేదు. పంపలేదమ్మా."

"మొండికేశారని ఎందుకన్నారు?"

"ఏదో ఒకటి చెప్పాలిగా."

ఆ ముక్కకు ఆమె చెయ్యి లేచింది. కొట్టలేదు. గుర్రం మనిషికి సైగ చేసింది. ఇద్దరూ కలిసి శ్రీహరిని ఎక్కించారు. కింద దిగేలోపే ఆ వీడియో యాత్ర గ్రూపులో, మరిది ఫోనులో పడింది.

తిరుగు రైల్లో బాలస్వామి మాస్టారు ఆమె ఎదుట కూర్చున్నారు. "అతను చేసింది పాపమే. కానీ కాలు విరిగిన మనిషిని మీరూ వానలో వదిలేశారు కదమ్మా. నాతో అబద్ధం కూడా చెప్పారు."

"అవునండి. ఇంకో గంట ఉంచాల్సింది" అంది ప్రసన్న. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఇంటికొచ్చాక ప్రసన్న అత్తగారి పక్కన కూర్చుని వీడియో చూపించింది. సుందరమ్మ మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి ఫోను ఆమె ఒళ్లోంచి జారి చాప మీద పడింది. కొంగు నోట్లో కుక్కుకుని, "నా నోటితోనే తిట్టానే వాణ్ణి, రెండేళ్లూ" అని కుమిలిపోయింది. ప్రసన్న ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

చాలాసేపటికి ముసలావిడ తలెత్తింది. కళ్లు పొడిబారి ఉన్నాయి.

"వాడికి కాలు విరిగిందన్నావు?"

"అవునత్తయ్యా."

"ఒక్కటేనా?"