లేని అక్కకు నిమ్మకాయ ఊరగాయ

మా అక్క తాయారమ్మ పోయి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. అయినా ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు నేనే ఆమెను మళ్లీ బతికించి, కృష్ణగిరిలో పక్షవాతంతో మంచాన పడుకోబెట్టాను. నెలకొకసారి చూసి రావాలి కదా అని హోసూరులో మా వీధివాళ్లకు చెప్పేదాన్ని.

నిజానికి నేను వెళ్లేది మందుల కోసం. నా కొడుకు విశ్వానికి ఇరవై రెండో ఏట మతి చెదిరింది. ఎవరూ లేని మూలకు తిరిగి, ఎవరో తనను తిడుతున్నారని కొట్లాడేవాడు. కృష్ణగిరిలో ప్రతి నెలా రెండో మంగళవారం బెంగుళూరు డాక్టర్లు వచ్చి, ఒక సత్రంలో ఇటువంటి పిల్లలను చూసి మందులిచ్చేవారు. మాకు బెంగుళూరే దగ్గర. కానీ మా ఆయన హనుమంతయ్య ఒప్పుకోలేదు.

"బజారంతా సరుక్కు ఆడికే పోతుంది. ఎవురన్నా చూసినారంటే మన అంగడి మెట్లు ఎవురెక్కుతారే?" అన్నారు. మాది బెల్లం, పప్పుల అంగడి.

పక్కింటి పుష్పవతివాళ్లకూ మాకూ మధ్య ఒకటే గోడ. విశ్వం అరవడం మొదలుపెట్టగానే నేను రేడియో గట్టిగా పెట్టేదాన్ని. వాళ్లింటి రేడియో కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి అలాగే మోగేది. పుష్పవతికి పాటల పిచ్చి అనుకున్నాను. ఒకరోజు వేరుసెనగకు పురుగుమందు ఎట్లా కొట్టాలో చెబుతున్నప్పుడు కూడా అంతే గట్టిగా మోగింది. అప్పుడైనా నాకు తట్టలేదు.

పుష్పవతి నాకంటే పదేళ్లు చిన్నది. కొళాయి దగ్గర కనిపిస్తే చాలు, అడిగేది.

"జ్ఞానాంబక్కా, మీ అక్కకు ఎట్లుంది?"

"ఎడమ చెయ్యి కొంచెం కదలతా ఉంది."

"మాటొచ్చిందా?"

"ఇంకా లేదు."

"అయ్యో! నోటికి రుచి కూడా ఉండదేమో పాపం." అలా అని ఒకసారి లోపలికి పోయి చిన్న జాడీ తెచ్చింది. మూత అంచు కొంచెం విరిగి ఉంది. "నిమ్మకాయ ఊరగాయక్కా. బాగా ఊరింది, నమిలే పని లేదు. నేనిచ్చినానని చెప్పు."

వద్దనలేకపోయాను. మర్నాడే రెండో మంగళవారం. ఆ జాడీ ఒళ్లో పెట్టుకుని ఏడున్నర బస్సెక్కాను. విశ్వాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి వాడి చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకున్నాను. ఒకసారి శూలగిరిలో వాడు చెప్పకుండా దిగిపోయాడు. బస్సు కదిలాక చూశాను. బస్సు ఆపించి, వెనక్కి పరుగెత్తి వాడిని పట్టుకున్నాను. నా దగ్గరి నుంచి పోయినవాళ్లెవరూ చెప్పి పోలేదు.

ఆ రోజు డాక్టర్లు ఆలస్యంగా వచ్చారు. సత్రం నిండిపోయింది. మధ్యాహ్నానికి విశ్వం ఆకలన్నాడు. గోడవారగా కూర్చుని పెరుగన్నం డబ్బా తీశాను. జాడీ మూత కూడా తీశాను.

"ఇది పుష్పవతత్త ఊరగాయ కదమ్మా? పెద్దమ్మకిమ్మనింది."

"మెల్లగా మాట్లాడప్పా."

"పెద్దమ్మ నేను పుట్టక ముందే పోయింది కదా!" వాడు సత్రమంతా వినబడేలా నవ్వాడు. "చచ్చిపోయినామెకు ఊరగాయెందుకు?"

నలుగురూ తిరిగి చూశారు. నేనూ తలెత్తాను. ఎదుటి స్తంభం దగ్గర ఒకామె తలమీదుగా కొంగు కప్పుకుని కూర్చుంది. ఆమె ఒక్కతే తిరగలేదు. ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న పిల్లను చూశాక తెలిసింది. పుష్పవతి కూతురు హేమావతి. కావేరిపట్నంలో మారెమ్మ మొక్కుందని ప్రతి నెలా ఆరు గంటల బస్సుకు పోయే తల్లీకూతుళ్లు వచ్చేది ఇక్కడికే. మేము వచ్చేసరికి ప్రతిసారీ చూపించుకుని వెళ్లిపోయి ఉండేవారు.

మా మధ్య ఎనిమిది అడుగులు ఉంటాయేమో. లేచి వెళ్లవచ్చు. నేను జాడీ మూత పెట్టేశాను. మేము డాక్టరు దగ్గరి నుంచి బయటికి వచ్చేసరికి వాళ్లు లేరు.

ఆ తర్వాత పుష్పవతి నన్ను మా అక్క సంగతి అడగలేదు. కొళాయి దగ్గర నేను కనిపిస్తే బిందె నిండకముందే ఎత్తుకుని పోయేది. లేని అక్క గురించైనా నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే. వీధిలో తక్కినవాళ్లతో మాట్లాడితే ఏ మాటలో విశ్వం బయటపడతాడో అని నేనే తగ్గించుకున్నాను. రోజంతా నోరు తెరిచే పని లేకపోతే మనిషికి తన గొంతే కొత్తగా అనిపిస్తుందని అప్పుడు తెలిసింది.

మరుసటి నెల సత్రంలో నర్సమ్మ పిలిచింది. "హేమావతి, హోసూరు!" మూడుసార్లు పిలిచి చీటీ పక్కన పెట్టింది. నేను తల దించుకున్నాను. ఆ పై నెలా అంతే.

ఇంటి దగ్గర వాళ్ల రేడియో పొద్దున్నుంచీ మోగుతోంది. పాటల అడుగున ఏదో గోడకు తగిలే చప్పుడు.

"అమ్మా, ఆ పిల్ల మాత్రలు తినడం లేదు" అన్నాడు విశ్వం.

"నీకెట్ల తెలుసురా?"

"నేను తినకపోతే అట్లనే కదా."

ఆ పిల్ల మందు ఆగింది నేను చూసినందుకే. నేను సత్రానికి రావడం మానేస్తే వాళ్లు వస్తారేమో. కానీ నా కొడుకు మందు మాటేమిటి? ఆ పిల్ల ఏమైనా చేసుకుంటే గోడకు ఇవతల కూర్చుని నేను ఏ స్టేషను పెట్టుకుని వినాలి?

మూడో నెల నర్సమ్మ ఆ పేరు పిలవగానే లేచి నిలబడ్డాను.

"నేను తీసుకుంటాను."

"మీరేమవుతారమ్మా ఆ పిల్లకు?"

"పెద్దమ్మను."

"నిద్ర పోతా ఉందా?"

"లేదు. పగలంతా ఆ గోడ నుంచి ఈ గోడకు తిరగతా ఉంటుంది."

"తిండి?"

"పళ్లెం విసిరేస్తుంది. మళ్లా తనే ఏడస్తుంది."

నర్సమ్మ అడిగినవన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే భయమేసింది. నాకింత తెలిసినప్పుడు మా ఇంటి సంగతి పుష్పవతికి ఎంత తెలిసి ఉంటుంది?

నర్సమ్మ మాత్రలు పొట్లం కట్టింది. "వచ్చే నెల పిల్లను చూడకుండా ఇచ్చేది లేదు. వాళ్లమ్మను కూడా రమ్మనండి. ఒక్కతే ఎన్నాళ్లు మోస్తుంది?" అంది. ఆ మాట నన్నే అన్నట్టుంది.

మర్నాడు జాడీ కడిగి, తుడిచి, అందులో పొట్లం పెట్టాను. పుష్పవతి భర్త శ్రీరామప్ప బట్టల అంగడికి పోయాక తలుపు తట్టాను. చాలాసేపటికి జానెడు తెరుచుకుంది. ఆమె చెంప మీద గోరు గీత ఉంది.

"ఏమక్కా?"

"నీ జాడీ ఇచ్చి పోదామని వచ్చినాను."

"ఆడ పెట్టిపో."

"చేతికి తీసుకో పుష్పవతీ."

తీసుకుంది. లోపల ఏదో కదిలితే మూత తీసి చూసింది.

"పొద్దున ఒకటి, సాయంత్రం రెండు. చీటీ మీద రాసుంది" అన్నాను.

"ఎవురని చెప్పి తీసుకొచ్చినావు?"

"పెద్దమ్మనని."

లోపల గిన్నె పడింది. ఆమె తలుపు వేయబోయి ఆగింది. నా మొహం చూడకుండా అడిగింది. "మీ అక్కకు ఎట్లుంది?"

చెయ్యి కదులుతోందని చెప్పడం నాకు అలవాటే. ఆ రోజు రాలేదు.

"అక్క ఎప్పుడో పోయింది. సాగనంపేదానికి కూడా పోలేకపోతిని."

పుష్పవతి తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

"వచ్చే నెల పిల్లను చూడాలంట. ఏడున్నర బస్సుకు పోతాము మేము" అన్నాను.

తలుపు మూసుకుంది.

నాలుగైదు రోజులకు వాళ్ల రేడియో కొంచెం తగ్గింది. నన్ను చూస్తే మాత్రం ఆమె తల తిప్పుకునేది. రెండో మంగళవారం బస్సులో వాళ్ల కోసం ముందు సీటు మీద సంచీ పెట్టి ఉంచాను. శూలగిరిలో ఎవరో తీయమన్నారు. తీశాను.

సత్రంలో నర్సమ్మ పిలిచింది. "హేమావతి, హోసూరు!"

నేను సగం లేచాను.

"ఉండాము" అని స్తంభం దగ్గరి నుంచి వినబడింది. ఆరు గంటల బస్సుకే వచ్చినట్టున్నారు; ఆ రోజూ డాక్టర్లు ఆలస్యమే. పుష్పవతి నా వైపు చూడలేదు. పిల్లను లోపల చూపించి, వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.

నేను విశ్వం చొక్కా అంచు పట్టుకుని, పెరుగన్నం డబ్బా తీసుకుని అటు నడిచాను. పుష్పవతి కూర్చోమనలేదు. జరగనూ లేదు. హేమావతే కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది.