ఊపిరి ఉంచమంటారా?

రిపేరక్క కొట్టు మేడ మీద ఉంది. పంతొమ్మిది మెట్లెక్కాలి. పొద్దున తొమ్మిదింటికి షట్టరెత్తి, బల్ల తుడిచి, సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేలోగా గ్లాసుడు నీళ్ళు తాగి, నిన్న లొంగని టీవీని ఇవాళ మళ్ళీ పలకరించడం ఆవిడ అలవాటు. "ఏం, ఇవాళైనా దారికొస్తావా?" అని అడిగి మరీ వెనక మూత విప్పుతుంది. చాలామటుకు దారికొస్తాయి. రానివాటి మీద ఆవిడకి గౌరవం.

పాత టీవీలు, టేపురికార్డర్లు అన్నీ బాగుచేస్తుంది గానీ, ఆ కొట్టుకి పేరు మాత్రం పాత వీడియో గేముల వల్ల వచ్చింది. గోడ మీద పెద్దక్షరాలతో ఒక బోర్డుంది: క్యాసెట్లలో ఊదకండి. ఊదితే లోపలి రాగి పళ్ళకి తడి తగిలి చిలుము పడుతుందని వచ్చిన ప్రతివాళ్ళకీ ఓపిగ్గా చెబుతుంది. వాళ్ళు బుద్ధిగా తలూపి, ఇంటికెళ్ళి ఊదుతారు. గేము ఆడనని మొరాయిస్తే క్యాసెట్టు పీకి, నోటి దగ్గర పెట్టుకుని ఫూ అని ఊదకుండా పెరిగినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు మరి.

ఊదినవాళ్ళ ఊపిరి అందులోనే ఉండిపోతుంది. అందుకని స్పిరిట్‌తో తుడిచేముందు రిపేరక్క అడుగుతుంది: "ఊపిరి ఉంచమంటారా, తుడిచెయ్యమంటారా?" కొందరు తుడిచెయ్యమంటారు. కొందరు ఇంట్లో అడిగి రేపు చెబుతామంటారు. కింద కొట్లో ఉండే టైలరమ్మ దగ్గర ఒక కార్ల గేముంది. దాంట్లో వాళ్ళమ్మ ఊపిరి, లవంగం వాసనతో సహా, అలాగే ఉంది. మనసు బాగాలేని రోజున ఆవిడ మూత కాస్త సడలించి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, మళ్ళీ బిగించి కత్తెర అందుకుంటుంది. ఆ గేము ఆడదు. ఆడకపోయినా పర్లేదంటుంది.

రిపేరక్కకి ఒక్కడే తమ్ముడు. పద్దెనిమిదేళ్ళు రాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీలో చేశాడు. ఆ రాతిపొడంతా ఇప్పుడు వాడి ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఒకప్పుడు వీధి ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర వినిపించే గొంతు వాడిది. ఇప్పుడు వాక్యం మధ్యలో ఆగుతాడు. అక్క కొట్టుకి రావడానికి మెట్ల మీద మూడుచోట్ల కూర్చోవాలి. అందుకని ఆవిడ ఏడో మెట్టు దగ్గరొకటి, పదమూడో మెట్టు దగ్గరొకటి, పైన గుమ్మం దగ్గరొకటి స్టూళ్ళు వేసింది. "నీకోసం కాదులేరా, టైలరమ్మకి మోకాళ్ళ నొప్పులు," అంది. టైలరమ్మ కొట్టు కిందే ఉందని ఇద్దరికీ తెలుసు. వాడు నవ్వాడు. ఆ నవ్వుకే దగ్గొచ్చింది.

ఆసుపత్రిలో ఫ్యాక్టరీ వాళ్ళ కోసం ఆక్సిజన్ మెషీను ఒక్కటే ఉంది. ఆరుగురికి తలా రెండు గంటల వంతు. ఎవరి వంతు ఎప్పుడో నర్సమ్మ గోడ మీద పలకలో రాసి పెడుతుంది. తమ్ముడిది మధ్యాహ్నం మూడింటికి. ఈ ఏడాది ఇంకో ముగ్గురు అదే ఫ్యాక్టరీ నుంచి అదే దగ్గుతో వచ్చారు. ఆరుగురి మెషీను తొమ్మిదిమందికి సర్దాలి. నర్సమ్మ రిపేరక్కని పక్కకి పిలిచింది.

"దాచి లాభం లేదక్కా. వంతు తగ్గితే మీ తమ్ముడు వానాకాలం గట్టెక్కడం కష్టం."

"తగ్గించకు. నెల రోజులాగు. ఇంకో మెషీను నేను తెస్తాను."

"ఎక్కడి నుంచక్కా?"

"అటకల మీద నుంచి," అంది రిపేరక్క.

ఆవిడ లెక్క ఆవిడకుంది. ఊళ్ళో ప్రతి ఇంటి అటక మీదా పాత గేములున్నాయి, ఆ ఇంటివాళ్ళకి వాటి మీద ప్రేమ చావలేదు. పోటీలు పెడితే టికెట్టు కొని మరీ వస్తారు. రారేమోనన్న అనుమానం ఆవిడకి ఒక్క పూట కూడా కలగలేదు. కాలికి బలపం కట్టుకుని వీధివీధీ తిరిగింది. ఎనిమిది డొక్కు టీవీలు పోగేసి ఒక్కొక్కదాన్నీ బతిమాలి, బెదిరించి దారికి తెచ్చింది. డ్రైవింగ్ మాస్టారు తన కార్ల షెడ్డు ఒక ఆదివారానికి ఖాళీ చేసిస్తానన్నాడు. పోస్టర్లు కూడా తానే వేయిస్తానన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. బ్రేకెప్పుడు వెయ్యాలో ఊరందరికీ నేర్పే మనిషే గానీ, తనకి ఆ అలవాటు లేదు. ఎవరినీ అడక్కుండా పోస్టర్లు అచ్చేయించి గోడలన్నిటికీ అంటించాడు: ఆఖరి ఆట పడవాట. ఏడో జలపాతం దాకా వెళ్ళినవాళ్ళు ఊళ్ళో లేరు. మీరు వెళతారా?

పడవాట క్యాసెట్టు ఊరంతటికీ ఒక్కటే. అది తమ్ముడిది. చిన్నప్పుడు వీధిలో పిల్లలంతా వాళ్ళింట్లోనే వరసకట్టి ఆడేవాళ్ళు. అంత మొండి క్యాసెట్టు ఇంకోటి లేదు. ముప్పైసార్లు ఊదితే గానీ ఒకసారి ఆడేది కాదు. ఊదే పని మాత్రం తమ్ముడిదే, ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

పోటీలకి క్యాసెట్లు సంచుల్లో వచ్చిపడ్డాయి. రిపేరక్క ప్రతివాళ్ళనీ అడిగి చీటీలు కట్టింది. ఉంచమన్నవి పక్కన పెట్టింది, తుడవమన్నవి తుడిచింది. చివరికి ఇంటి అటక మీది పెట్టె దింపింది. తమ్ముడివి ఇరవైమూడు క్యాసెట్లు. మధ్యాహ్నం కూర్చుని ఇరవైరెండింటినీ విప్పి, దూదిపుల్లతో స్పిరిట్ పెట్టి, తళతళలాడించి బిగించేసింది. ఇరవైమూడోది పడవాట. దాని స్క్రూల తలలు అరిగిపోయి ఏ స్క్రూడ్రైవరుకీ పట్టు దొరకలేదు. తర్వాత చూద్దాంలెమ్మని పక్కన పడేసింది.

సాయంత్రం తమ్ముడు మూడు స్టూళ్ళ మీదా కూర్చుంటూ పైకొచ్చాడు. బల్ల మీద వరసగా ఉన్న తన క్యాసెట్లు చూసి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి.

"అన్నీ తుడిచేశావా?"

"మరి? ఎలా మెరుస్తున్నాయో చూడు."

"బాగున్నాయక్కా," అన్నాడు వాడు. తీసినవి తీసిన చోటే పెట్టేసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

వాడు ఏడో మెట్టు దగ్గరికి దిగాక గానీ ఆవిడకి తట్టలేదు. మంచినీళ్ళ క్యాన్లవాణ్ణి అడిగింది. బ్యాంకు గుమాస్తాని అడిగింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా ఫోను చేసి అడిగింది. ఇంటివే కదా అని సొంత తమ్ముణ్ణి అడగలేదు. వాడి పదేళ్ళ వయసునాటి ఊపిరంతా దూదికి అంటుకుని చెత్తబుట్టలో ఉంది. రిపేరక్కకి సిగ్గేసింది, ఆ సిగ్గు పోటీల రోజు దాకా పోలేదు. పడవాట క్యాసెట్టుని మాత్రం మళ్ళీ విప్పే ప్రయత్నం చెయ్యలేదు. దాన్ని జేబు రుమాల్లో చుట్టి సొరుగులో పెట్టింది.

ఆదివారం పొద్దుటికి షెడ్డు బయట గేటు దాకా జనం. మైకు చూస్తే చాలు రిపేరక్కకి ధైర్యం పొంగుకొస్తుంది. "పడవాట ఆడి తీరుతుంది. ఆడకపోతే టికెట్టు డబ్బులు ఎవరివి వాళ్ళకి వాపసు," అని అందరిముందూ అనేసింది. ఎనిమిది టీవీలూ ఒక్కసారిగా కూశాయి. పెన్షను తీసుకునే పెద్దమనుషులు వెనక్కి వాలి, నాలుక కరుచుకుని బటన్లు నొక్కారు. హెడ్ మిస్ట్రెస్సుని ఆవిడ దగ్గర చదువుకున్న కేబులతను ఓడించి, సారీ మేడమ్ అన్నాడు. అల్లుడి చేతిలో ఓడిన మామగారొకాయన జాయ్‌స్టిక్ బాగాలేదని ఫిర్యాదు చేస్తే, రిపేరక్క అదే జాయ్‌స్టిక్‌తో ఆయన ఎదురుగానే మూడు రౌండ్లు ఆడి చూపించింది.

ఆఖరి ఆటకి ఇద్దరు మిగిలారు. ఒకరు టైలరమ్మ, ఇంకొకరు రిటైరైన బస్సు కండక్టరు. అప్పటికి మూడైంది. తమ్ముడు ఆసుపత్రికి వెళ్ళాల్సిన వేళ. పడవాట చూడకుండా కదలనని, ఇవాళ్టి తన వంతు ఇంకెవరికైనా ఇమ్మని నర్సమ్మకి ముందే చెప్పేశాడట. ఆవిడ వాణ్ణి చీవాట్లు పెట్టి, తాను కూడా వచ్చి వెనకాలే నిలబడింది. వాడి పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి.

రిపేరక్క రుమాలు విప్పి క్యాసెట్టు పెట్టింది. తెరంతా చుక్కలు. తీసి పెట్టింది. చుక్కలే. తీసి, తిప్పి, మెల్లిగా పెట్టింది. చుక్కలు పోలేదు. వెనక నుంచి ఎవరో "ఊదండి" అన్నారు. కాసేపటికి షెడ్డంతా అదే మాట.

ఏం చెయ్యాలో ఆవిడకి బాగా తెలుసు. అరిగిన స్క్రూలని డ్రిల్లుతో తీసేసి, స్పిరిట్ పెట్టి తుడిస్తే రెండు నిమిషాల్లో ఆడుతుంది. తుడిస్తే తమ్ముడి ఊపిరి ఇక ఎక్కడా మిగలదు. తుడవకపోతే జనం డబ్బులు జనానికి వెళతాయి, మెషీను రాదు. రెండువైపులా నష్టం వాడికే. డ్రిల్లు చేతిలోకి తీసుకుంది. మైకు కట్టేసింది. తమ్ముడి స్టూలు ముందు గొంతుక్కూర్చుంది.

"ఊపిరి ఉంచమంటావా, తుడిచెయ్యమంటావా?"

వాడు అక్క మొహంలోకి చూశాడు. "ఇప్పటికి అడిగావా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. క్యాసెట్టు కోసం చెయ్యి చాచాడు. "తొమ్మిదిమంది వంతక్కా. తుడిచెయ్. ముందొకసారి ఇలా ఇవ్వు."

క్యాసెట్టు వాడి చేతికి వచ్చేసరికి వేళ్ళకి పాత అలవాటు గుర్తొచ్చింది. వాసన చూడబోయినవాడు కాస్తా దాన్ని తిప్పి పెదాల దగ్గర పెట్టుకున్నాడు. ఊదుదామనుకున్నాడు. ఊదడానికి లోపల ఏమీ లేదు. ఊదాలంటే ముందు పీల్చాలి కాబట్టి, క్యాసెట్టు నోటి దగ్గర ఉండగానే పీల్చాడు.

పీలుస్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు వాడెప్పుడూ పెన్సిళ్ళు కొరికేవాడు. ఆ చెక్క వాసన రిపేరక్కకి తగిలింది, ఒక్క క్షణం తర్వాత టైలరమ్మకి కూడా తగిలింది. రోజుకి ముప్పైసార్ల చొప్పున ఐదారేళ్ళు ఊదిన ఊపిరది. వాడి భుజాలు మెల్లిగా లేచాయి, ఛాతీ చొక్కా గుండీలకి ఆనింది. షెడ్డులో జనం వాడు ముగించేదాకా మర్యాదగా ఆగారు. కండక్టరు గడియారం చూసుకుని, తొందరేం లేదు కానివ్వమన్నాడు.

తమ్ముడు క్యాసెట్టు దించి చొక్కా అంచుతో తుడిచి అక్కకిచ్చాడు. "ఇప్పుడు పెట్టు."

పెట్టింది. లోపలి తడంతా పోయిందేమో, మొదటిసారికే తెర నీలంగా మారింది. మూలనుంచి పడవొచ్చింది, ఆ పాత టింగుటింగు పాట మొదలైంది. షెడ్డు పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. తమ్ముడు లేచి మైకు తీసుకున్నాడు. "అదిగో టైలరమ్మ రెండో జలపాతం దగ్గర, కండక్టరుగారు టికెట్టు కొట్టినంత తేలిగ్గా రాయి తప్పించారు, మూడోదండీ మూడోది, ఎడమకి, ఎడమకి," అంటూ నలభై నిమిషాలు ఎక్కడా ఆగకుండా చెప్పాడు. కండక్టరు పడవ ఐదో జలపాతం దగ్గరే మునిగింది. టైలరమ్మ ఏడోదాని అంచు దాకా వెళ్ళి మునిగింది, ఊరు పుట్టాక అంతదూరం వెళ్ళింది ఆవిడే. నర్సమ్మ మాత్రం తెర చూడలేదు. నలభై నిమిషాలూ తమ్ముడి పెదాల రంగే చూస్తూ నిలబడింది.

వారం తిరక్కుండా రెండో మెషీను ఆసుపత్రికొచ్చింది. నర్సమ్మ పలక తుడిచి వంతులన్నీ కొత్తగా రాసింది.

మంగళవారం మూడింటికి రిపేరక్క బల్ల దగ్గరుంది. అది తమ్ముడు ఆసుపత్రిలో ఉండే వేళ. పని చేస్తున్నా ఆవిడ చెవి ఎప్పుడూ ఒకవైపు మెట్ల మీద ఉంటుంది. ఏడో మెట్టు దగ్గర స్టూలు కిర్రుమంటుంది, కాసేపటికి పదమూడో మెట్టు దగ్గర కిర్రుమంటుంది, అప్పుడు వాడెక్కడున్నాడో తెలుస్తుంది. ఇవాళ ఎవరో గబగబా ఎక్కుతున్న చప్పుడైంది. స్టూళ్ళ కిర్రు వినిపించలేదు. కొత్తవాళ్ళెవరో అనుకుని, చేతిలో ఉన్న క్యాసెట్టు పక్కన పెట్టి తలెత్తింది.

గుమ్మంలో తమ్ముడు నిలబడి ఉన్నాడు. మూడు స్టూళ్ళూ ఒకదాని మీదొకటి చేతుల్లో ఉన్నాయి.

"నర్సమ్మ నా పేరు కొట్టేసి కొత్తవాళ్ళకి రాసిందక్కా," అన్నాడు. "ఇవెక్కడ పెట్టమంటావు?"