మూడోసారి ఉతికిన బట్టలు

అవే బట్టలు మూడోసారి మిషన్లో వేస్తోంది ఆమె. నిన్న పొద్దున ఉతికి ఆరేయడం మర్చిపోతే ముక్కిపోయాయి. సాయంత్రం మళ్ళీ ఉతికింది, మళ్ళీ మర్చిపోయింది. మూత తీయగానే ఆ వాసన హాలు దాకా పాకింది. అత్తగారు ముక్కు చిట్లించి ఉంటుందని చూడకుండానే ఆమెకు తెలుసు.

"క్లిప్పులు మాత్రం ఎర్రవి రెండు, పచ్చవి రెండు జతగా పెట్టకపోతే ప్రాణం పోతుంది నీకు. తీరా తీగ మీద బట్టలే ఉండవు," అనేవాడు భర్త, పెళ్ళైన కొత్తల్లో. అప్పుడది సరసం. పదకొండేళ్ళలో ఆ సరసం కాస్తా సణుగుడై, చివరికి ఆమెకు పేరైంది. "ఏమే పరధ్యానం, మంచినీళ్ళు" అంటే ఆమే వెళ్ళాలి.

నిజానికి ఆమె ధ్యాస ఎక్కడికీ పోదు. ట్యూబులైటు రొద, పక్కింటి టీవీ, మెడ వెనక గుచ్చుకునే జాకెట్టు కుట్టు, పొద్దున ఎవరో అన్న మాట, అన్నీ ఒక్కసారే పిలుస్తుంటే దేనికి పలకాలో తెలియక నిలబడిపోతుంది. సొరుగులో చెంచాల వరస తప్పితే ఒళ్ళంతా కంపరం. ఆ వరస సర్దుతూ పొయ్యి మీద గిన్నె మాడ్చేస్తుంది. చెంచాల వరస గుర్తున్నదానివి గిన్నె ఎలా మర్చిపోయావు, అంటారు. ముప్పై ఆరేళ్ళు వచ్చేదాకా ఆ మాట వింటూనే ఉంది. బద్ధకమేనని ఒప్పేసుకుంది.

ఏడు నెలలు ఎదురుచూస్తే దొరికిన డాక్టరమ్మ మొదటిసారి వేరే మాట చెప్పింది. "ఆటిజం ఉండొచ్చు, ఏడీహెచ్‌డీ ఉండొచ్చు. రెండూ కలిసి కూడా ఉంటాయమ్మా. ఒకటి అంతా వరసలో ఉండాలంటుంది, రెండోది ఆ వరసని నిలవనివ్వదు. ఒకదాన్నొకటి కప్పేస్తుంటే చూసేవాళ్ళకి ఏదీ కనబడదు." తేల్చి చెప్పాలంటే, ఇంట్లో రోజూ చూసేవాళ్ళెవరైనా ఒక కాగితం నింపాలంది. ఇవాళ పన్నెండింటికల్లా ఇవ్వాలి. లేకపోతే మళ్ళీ ఏడు నెలలు.

నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక భర్త నింపాడు, పైకి చదువుతూ, తల్లిని నవ్విస్తూ.

"చేసే పని మధ్యలో వదిలేస్తారా? ఎప్పుడూ. చిన్న మార్పుకే కలవరపడతారా? ఎప్పుడూ. అమ్మా, ఇది రాసినవాడెవడో మనింట్లో కాపురం ఉన్నాడే."

పెన్సిలు విరిగేంత నొక్కి టిక్కులు పెట్టాడు. ఎంగిలి పళ్ళాలు పట్టుకుని ఆమె నిలబడి విన్నది. చిత్రంగా, బాధ కలగలేదు. ఇన్నేళ్ళ దెప్పుళ్ళన్నీ తన తరఫు సాక్ష్యాలవుతున్నాయి. ఆయన తనను ఇంత శ్రద్ధగా గమనించాడని అప్పుడే తెలిసింది.

అత్తగారు నవ్వడం ఆపింది. "ఒరేయ్, ఇవన్నీ రాసిస్తే జబ్బంటారేమోరా. అప్పుడింక దీన్ని ఏమని తిట్టగలం?"

భర్త రబ్బరు తీసుకున్నాడు.

ఇప్పుడా కాగితం బల్ల మీద ఉంది. ముప్పై రెండు ప్రశ్నలకూ 'ఎప్పుడూ లేదు' అనే గడిలోనే టిక్కు. చుట్టూ రబ్బరు పొట్టు. ఆమె పొట్టు ఊదేసి కాగితాన్ని వేళ్ళతో తడిమింది. గుంటలు తగిలాయి. నవ్వుతూ నొక్కిన ప్రతి టిక్కూ లోపల దిగబడే ఉంది. పెన్సిలు పక్కకు వాల్చి మెల్లగా రుద్దింది. నల్లటి పూతలోంచి తెల్లగా, ఒకటొకటే పైకి తేలాయి. ఆయన తరవాత పెట్టినవాటిని ఆమె ముట్టుకోలేదు. రెండూ ఉండనీ, అనుకుంది.

మిషన్ ఆగి కూత పెట్టింది. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

"ఆ బట్టలు తియ్యి, మళ్ళీ ముక్కిపోతాయి," అన్నాడు భర్త, పేపరు చాటునుంచి.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

ఆమె గడప దాటింది. మిషన్లో బట్టలున్న సంగతి ఈసారి మర్చిపోలేదు.