పైకి రాని లాంపు

నాకు ఏ కష్టమూ రాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దేవుడు దూరమయ్యాడని ఎవరితో అన్నా మొదట అడిగేది అదే కదా: ఏం కష్టమొచ్చింది, ఎవరు పోయారు? ఎవరూ పోలేదు. పిల్లలు బాగున్నారు, నా భార్య అనసూర్య బాగుంది, గోదావరిఖనిలో బొగ్గుబావి నౌకరీ పర్మినెంటు అయింది, రెండు గదుల క్వార్టరు దొరికింది. అన్నీ ఉండగానే ఒకరోజు ప్రార్థనలో కూర్చుంటే నా మాటలు నాకే వినిపించాయి. అవతల వినేవాడెవడూ లేనట్టు అనిపించింది. రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. అలా పదకొండు నెలలు గడిచాయి.

పైగా నేను మామూలు విశ్వాసిని కాదు, సంఘపెద్దను. గొంతు పెద్దది కాబట్టే ఆ పెద్దరికం వచ్చిందని అనసూర్య వెక్కిరించేది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, ఎవరి బిడ్డకు పేరు పెట్టినా "రాయమల్లన్నను పిలువుండ్రి" అనేవారు. వెళ్ళి, కళ్ళు మూసుకుని, పది నిమిషాలు గడగడా ప్రార్థించేవాణ్ణి. వాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. నేను మాత్రం పొడికళ్ళతో ఇంటికొచ్చి, ఏదో దొంగతనం చేసినవాడిలా తల దించుకుని అన్నం తినేవాణ్ణి. అన్నిటికన్నా ఎక్కువ కోపం అనసూర్య మీదే వచ్చేది. ఆమె కళ్ళు మూస్తే చాలు, చెంపలు తడిసేవి. ఈమెకు దొరికినవాడు నాకెందుకు దొరకడని లోలోపల ఉడికిపోయేవాణ్ణి.

డెబ్బై రెండులో, శుభ శుక్రవారం నాడు, ఈ సంగతి తేల్చేసుకోవాలనుకున్నాను. ఆరాధన మొత్తం కదలకుండా కూర్చుంటాను. ఒక్క మాటో, ఒక్క గుర్తో దొరికితే సరే. లేదంటే అది ముగియగానే పాస్టరయ్యకు చెప్పేస్తాను, పెద్దరికం వద్దని, ఆదివారం నుంచి గుడి మెట్టు ఎక్కనని. "రేపు ఆరాధన అయినంక మీతోని ఒక మాట చెప్పాలె" అని ఆయనకు ముందురోజే చెప్పి పెట్టాను కూడా.

అన్ని ఊళ్ళలో ఆ ఆరాధన మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా జరుగుతుంది. ఏసు సిలువ మీద ఉన్న గంటలవి. మా దగ్గర మాత్రం మూడున్నరకు మొదలయ్యేది, మొదటి షిఫ్టు మూడింటికి వదులుతుంది మరి. బొగ్గుబావి వాళ్ళ కోసం ప్రభువు కాసేపు ఆగుతాడులే అని పాస్టరయ్య నవ్వేవాడు.

బావిలో నా జోడీ పోశం. నేను చెమ్మస్‌తో, అంటే పెద్ద పారతో, బొగ్గు ఎత్తి తట్టలో నింపితే, అతను నెత్తిన పెట్టుకుని వెళ్ళి టబ్బులో పోసేవాడు. అతను అలిసిపోతే పనులు మార్చుకునేవాళ్ళం. పక్క ఊరివాడే, ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. మల్లన్న దేవుడి భక్తుడు. ఆ రోజు సద్ది తింటూ నా బాధంతా అతనికి చెప్పాను. అనసూర్యకు కూడా చెప్పుకోలేని బాధ అది.

"అయితే ఇయ్యాల నీ దేవుడు మాట్లాడకపోతే గుడి బంద్ వెడ్తవా?" అన్నాడు.

"పెడ్త."

"మా మల్లన్న నాతోని ఎన్నడు మాట్లాడిండు బావా? నేనే మాట్లాడుత. ఆయన ఇంటడు."

"ఇంటడని నీకెట్ల ఎర్క?"

"ఎర్క లేదు," అని పోశం తాపీగా ఉల్లిగడ్డ కొరికాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడితో ఇంత తేలిగ్గా సర్దుకుపోయేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ అంతే.

షిఫ్టు వదిలాక అందరితో పాటు పైకి నడుస్తుంటే సగం దారిలో గుర్తొచ్చింది. గుడికి వేసుకోవాలని తెచ్చుకున్న తెల్ల అంగీ, పన్నెండో లెవల్లో, మేం పనిచేసిన చోటే కప్పుకు ఆనించిన దుంగకు తగిలించి వచ్చాను. "అంగి మర్చిన, నువ్వు నడువు," అని పోశానికి చెప్పి వెనక్కి తిరిగాను. అంగీ తీసుకుని ఒక్కణ్ణే కాలిదారి పట్టి పైకొచ్చేసరికి మూడూ ఇరవై అయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బావిలోకి దిగేముందు లాంపు రూములో మన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, తలకు పెట్టుకునే లాంపు తీసుకోవాలి. పైకొచ్చాక లాంపు ఇచ్చేసి బిళ్ళ తీసుకోవాలి. లాంపు రూము బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. మా కాలనీలో బడికి పోని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. కానీ లాంపు రూము కిటికీ ముందు యాభై మంది నిలబడి ఉన్నారు, అవతల గుడి గంట మోగుతోంది. ఆరాధన అయ్యాక ఇస్తే మునిగిపోయిందేముంది అనుకున్నాను. లాంపును తువ్వాలలో చుట్టి సంచిలో వేసుకున్నాను. కుళాయి దగ్గర మొహం, చేతులు కడుక్కుని, అంగీ మార్చుకుని పరుగెత్తాను. దేవుడి పని మీద పోతున్నాను కదా అన్న పొగరు కూడా కొంచెం ఉందేమో.

మా గుడి రేకుల గుడి. మార్చి ఎండకు లోపల కుతకుతలాడిపోతోంది. మగవాళ్ళ వైపు ముందు వరసలో, గోడ పక్కన కూర్చున్నాను. తలుపు దగ్గర ఆడవాళ్ళ వైపు అనసూర్య కనిపించింది. పాటలయ్యాయి, వాక్యం చదివారు, పాస్టరయ్య సిలువ మీద పలికిన మాటలు ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. నేను దవడ బిగించి కూర్చున్నాను. ప్రభువా, ఒక్కమాట. ఒక్కమాట చాలు. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. నాకు చెమట తప్ప ఏమీ కారలేదు.

మధ్యలో పాస్టరయ్య నావైపు చూసి, "రాయమల్లు ప్రార్థన చేస్తడు" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన ఇంకొకరిని లేపాడు. నీ కోసం నేను నోరు తెరవను పో, అనుకున్నాను దేవుడితో. నువ్వు తెరిచావా?

ఆరున్నర కావస్తుండగా తలుపు దగ్గర అలికిడైంది. మా పక్క క్వార్టరు సదయ్య లోపలికొచ్చాడు. అతను ఎన్నడూ మా గుడికి వచ్చినవాడు కాదు. చెప్పులు బయటే విడిచి, అనసూర్య ముందు వంగి నిలబడ్డాడు.

"అక్కా, జర బయటికి రా."

"ఏమైంది తమ్మీ?"

సదయ్య చెప్పలేక తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పాట ఆగిపోయింది.

"పన్నెండో లెవల్ల కప్పు కూలింది అక్కా. బావ లాంపు... బావ లాంపు పైకి రాలే."

అనసూర్య అరవలేదు. మెడ తిప్పి మగవాళ్ళ వైపు, నావైపు చూసింది. ఆమె చూపు వెంటే సదయ్య కూడా చూశాడు. నేను లేచి నిలబడ్డాను. నన్ను చూసి అతను ఉన్నచోటే చాప మీద కూలబడ్డాడు.

"నీ సంచిల ఏమున్నది?" అని అడిగింది అనసూర్య. ముప్ఫై మంది ముందు, చాలా నెమ్మదిగా.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

"నువ్వు ఈడున్నవా?" అన్నాడు సదయ్య, ఏడుస్తూనే. "పోశం ఆడ నీ కోసం తవ్వుతున్నడు బావా."

సంచి చంకలో పెట్టుకుని పరుగెత్తాను. వెనక గుడి గుడంతా పరుగెత్తింది. దారిలో సదయ్య రొప్పుతూ చెప్పాడు. నేను అంగీ తీసుకుని వచ్చిన కాసేపటికే అక్కడ కప్పు కూలింది. రెండో షిఫ్టు వాళ్ళు చూసి కబురు పంపారు. బోర్డు మీద చూస్తే మొదటి షిఫ్టు బిళ్ళల్లో నాదొక్కటే మిగిలి ఉంది. అంగీ కోసం వెనక్కి పోయాడని పోశం చెప్పాడు. గుడికి పోయి ఉంటాడేమో అని ఎవరో అంటే, లాంపు తీసుకుని గుడికి పోయేటోడు ఎక్కడన్న ఉంటడా అన్నాడట. కప్పు ఇంకా కుదురుకోలేదు, ముందు దుంగలు నిలబెట్టాలి, ఆగమని పని చూసే సర్దారు అడ్డం నిలబడితే, అతణ్ణి పక్కకు నెట్టి లోపలికి పోయాడట. వెనక ఇంకో నలుగురు పోయారు.

సదయ్యను అనసూర్య కోసం పంపారు. క్వార్టరు తాళం చూసి గుడి దగ్గరికొచ్చాడు గానీ, ఆ కబురు చెప్పడానికి నోరు రాక గంటసేపు గోడ అవతల నిలబడ్డాడు. నేను కూర్చున్న గోడ అదే. ఆ రోజు నేను నోరు తెరిచి నాలుగు మాటలు ప్రార్థించి ఉంటే నా గొంతు అతనికి వినపడేది. అయిదుగురు మనుషులు ఒక గంట ముందే ఆ కప్పు కిందనుంచి బయటికొచ్చేవాళ్ళు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

బావి మీద జనం ఒత్తుకుని ఉన్నారు. నన్ను చూసి ఆడవాళ్ళు కొందరు కేక వేశారు. సర్దారు నా చేతిలోంచి లాంపు లాక్కుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కిందికి కబురు పోయింది. మేము చూస్తూ నిలబడ్డాం. ఆ పావుగంటలో నేనేమీ అనుకోలేదు, ప్రభువా అని కూడా అనుకోలేదు. పోశం, పోశం, అంతే.

ముందు ఆ నలుగురూ వచ్చారు. వెనక పోశం వచ్చాడు. ఎడమ భుజం మీద రాయి జారి పడిందట, చెయ్యి వేలాడేసి నడుస్తున్నాడు. నేరుగా నా దగ్గరికొచ్చి బాగున్న చేత్తో చెంప పగలగొట్టాడు. తర్వాత అదే చేత్తో నా మెడ పట్టుకుని భోరున ఏడ్చాడు.

"రెండు గంటలు ఒర్రినరా! రాయమల్లూ, రాయమల్లూ అని. గొంతు వోయింది. ఒక్కసారన్న పలుకకపోతివి!"

పదకొండు నెలలుగా దేవుణ్ణి నేను తిడుతున్న తిట్టు అదే. ఒక్క అక్షరం తేడా లేదు.

"పలుకకపోతే మరి ఎందుకు తవ్వినవ్ పోశం?"

అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "పలుకకపోతే నువ్వు లేవనుకోవాల్నా? ఏం మాట్లాడుతున్నవ్ బావా?"

నేను ఆ రాళ్ళ కింద లేను, నిజమే. ఈ ముక్క పట్టుకుని వాదించేవాడు నాలోనే ఒకడున్నాడు, ఇప్పటికీ వాదిస్తుంటాడు. కానీ అతను వెతికిన మనిషి ఉన్నాడు, బతికే ఉన్నాడు, మైలు దూరంలో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. నన్ను ఎవరూ పిలవడం లేదని నేను అలిగి కూర్చున్న గంటల్లోనే ఒకడు నా పేరు పెట్టి గొంతు పోయేలా పిలుస్తున్నాడు. అతని అరచేతులు చూశాను. తోలు లేచిపోయి, బొగ్గుమసిలో రక్తం కలిసిపోయి ఉంది. అది శుభ శుక్రవారం. అంతకన్నా పెద్ద గుర్తు నేను అడగలేను.

దవాఖానకు పోతుంటే పాస్టరయ్య పక్కన నడుస్తూ, "ఏదో మాట చెప్పాలె అంటివి?" అన్నాడు.

"ఏం లేదయ్యా. ఆదివారం పొద్దున గుడి నేనే ఊడుస్త," అన్నాను. అనసూర్య విననట్టే నడిచింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

నాకు పది రోజులు సస్పెన్షన్ వచ్చింది. తగిందే. ఆ పది రోజులూ పోశానికి అన్నం కలిపి పెట్టింది నేనే. అలా తినిపించేటప్పుడల్లా అతను తిట్టేవాడు.

ఆ శుక్రవారం రాత్రి దవాఖానలో నర్సమ్మ మొదట అతని చేతులు కడిగింది. రాళ్ళ ముక్కలు ఒక్కొక్కటీ ఏరి, మందు పోస్తుంటే పోశం పళ్ళు కొరుకుతూ నావైపు తిరిగాడు.

"బావా, నీ దేవునికి చెప్పరాదు, జర ఈ మంట తక్కువ చెయ్యిమని. ఊకెనే కూసున్నవ్."

వెక్కిరింతకే అన్నాడు. నేను అతని మణికట్టు పట్టుకుని మొదలుపెట్టాను. కళ్ళు మూసుకోలేదు, గొంతు పెంచలేదు. ప్రభువా, వీడి చేతులు చూడు. నా మూలంగా అయినయి. వీడి మంట తగ్గించు, భుజం నయం చెయ్యి, వీనికి ముగ్గురు పిల్లలున్నరు. నాకు తోచిందల్లా అడిగాను. మాటలు వాటంతటవే వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. అవతల ఎవరైనా వింటున్నారా లేదా అని చూసుకోవడం మర్చిపోయానని ఆమేన్ అన్నాక గానీ నాకు తెలియలేదు. మొహం తుడుచుకుంటే చెయ్యి తడిసింది.

"తగ్గిందా?" అని అడిగాను.

పోశం నిజాయితీగా చేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"తగ్గలే," అన్నాడు. "కని ఇంకొంచెం చెయ్యి బావా."