రంపం పడ్డ బ్యాట్లు

బ్రెనన్ స్టోక్లీ తన సంచి జిప్పు లాగేసరికి, అందులోని కొత్త కర్ర బ్యాట్లన్నీ పిడికి జానెడు పైన రంపంతో కోసేసి, రెండేసి ముక్కలై ఉన్నాయి.

మైదానం పక్కన జట్టు కూర్చునే డగౌట్‌లో ఉన్న కుర్రాళ్ళంతా ముందు ఆ ముక్కల్ని చూశారు. తర్వాత లైల్ పెల్కీని చూశారు.

ఆ చూపులు అర్థమవడానికి లైల్‌కి కాసేపు పట్టింది. కోల్‌బీ హార్బర్ బేస్‌బాల్ జట్టులో అతనిది తాత్కాలికపు చోటు. వేసవి లీగ్‌లో అది మామూలే. పేరున్న కాలేజీల ఆటగాళ్ళు తమ జాతీయ పోటీలు ముగించుకుని వచ్చేదాకా చిన్న కాలేజీల వాళ్ళను పిలిచి ఆడిస్తారు. అసలువాడు ఆటలోకి దిగగానే వీళ్ళు సర్దుకుని వెళ్ళిపోవాలి. లైల్ ఆడుతున్న స్థానానికి అసలువాడు స్టోక్లీ. వచ్చి వారం కూడా కాలేదు. ఈ సాయంత్రం అతని మొదటి మ్యాచ్ చూడటానికే పెద్ద లీగ్ జట్లకు కొత్తవాళ్ళను వెతికిపెట్టే స్కౌట్లు వస్తున్నారు. అతను ఆడితే లైల్ రేపు ఇంటికి బస్సెక్కాలి. లైల్ చదివే కాలేజీ మైదానానికి స్కౌట్ అనేవాడు దారి తప్పి కూడా రాడు.

"ఏం వడ్రంగీ, పని బాగానే చేశావ్," అన్నాడు క్యాచర్ డూలిన్.

"నేను కాదురా."

"మరెవరు? ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో, ఒకే గదిలో. బ్యాట్లకి చెదలు పట్టాయంటావా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. స్టోక్లీ నవ్వలేదు. బెంచీ మీద కూర్చుని బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు.

కోచ్ మెడీరోస్ వచ్చి ముక్కలు చూశాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "స్టోక్లీ, ఎవరిదైనా బ్యాట్ తీసుకో."

"ఇవి నా చేతికి తగ్గట్టు చేయించినవి కోచ్. వేరేవాళ్ళవి నాకు కుదరవు. వీటితో ఇంకా ఒక్క బంతి కూడా ఆడలేదు."

కోచ్ లైల్‌ని పక్కకు తీసుకెళ్ళాడు. "బాబూ, చేసుంటే ఇప్పుడే చెప్పెయ్. నేనే దగ్గరుండి బస్సెక్కిస్తా, గొడవుండదు. నోరు మెదపకపోతే మీ కాలేజీకి ఫోన్ చేయాల్సొస్తుంది. ఆ తర్వాత నీకు అక్కడా ఆట ఉండదు. మ్యాచ్ మొదలయ్యేలోగా ఆలోచించుకో."

లైల్ బుర్ర పనిచేయడం మానేసింది. కోసింది తను కాదు. కానీ స్టోక్లీకి ఏదో ఒకటి అయితే బాగుండునని నిన్న రాత్రి మంచం మీద పడుకుని కోరుకున్న మాట నిజం. నిన్న ఇంటి వెనక షెడ్డులోంచి రంపం తీసిన మాటా నిజమే. ఇంటావిడ నోరీన్ కంచె పలక ఊడిపోతే సరిచేయడానికి తీశాడు. ఆవిడ ప్రతి వేసవీ తన ఇంటి కింది గదిని ఇద్దరు ఆటగాళ్ళకు వదిలేస్తుంది. మ్యాచ్ రోజున గేటు దగ్గర హాట్ డాగ్‌లు అమ్మి పెడుతుంది.

లైల్ నేరుగా అక్కడికే వెళ్ళాడు.

"నోరీన్ గారూ, నేను నిద్రలో లేచి తిరుగుతానా?"

"ఫ్రిజ్ దాకా తిరుగుతావ్. దాన్ని ఆకలంటారు. ఏమైంది, మొహం అలా పాలిపోయింది?"

జరిగింది చెప్పాడు. ఆవిడ పట్టుకారు పక్కన పెట్టింది. "నీ కోత ఎలా ఉంటుందో నా కంచె చూస్తే తెలుస్తుందిలే. పాము పాకినట్టుంది. వెళ్ళి ఆ ముక్కలు చూడు. తిన్నగా కోసి ఉంటే నువ్వు కాదు."

బ్యాట్ల ముక్కలు డగౌట్ వెనక చెత్త డబ్బాలో ఉన్నాయి. లైల్ ఒకటి తీసి చూశాడు. కోత తిన్నగా లేదు. తన కోత కంటే వంకరగా ఉంది. నిజంగా తనే కోశాడా?

రెండు ముక్కల్ని కలిపి పట్టుకున్నాడు. అప్పుడు కనిపించాయి మచ్చలు. కర్ర మీద బంతి తగిలితే మరక పడుతుంది, తుడిచినా పోదు. ఒక్క బంతీ ఆడలేదన్న బ్యాట్ నిండా మరకలే. అన్నీ పిడి వైపున, లేదంటే కొసన ఉన్నాయి. బంతి తగలాల్సిన లావుపాటి చోటు మాత్రం అంగడిలోంచి తెచ్చినట్టు శుభ్రంగా ఉంది. మరో బ్యాట్ తీశాడు. అదీ అంతే. ఇంకొకటి నిలువునా చీలి ఉంది. ఆ చీలిక రెండు ముక్కల్లోనూ సాగింది, అంటే కోతకు ముందే చీలిందన్నమాట.

లైల్ ఇంకా తికమకపడ్డాడు. కర్ర బ్యాట్ ఇలా వాడేది కొత్తవాళ్ళు. కాలేజీల్లో ఏడాది పొడవునా లోహపు బ్యాట్లే. వాటికి ఎక్కడ తగిలినా బంతి ఎగిరిపోతుంది. ఈ వేసవి లీగ్‌లో మాత్రం కర్రవే వాడాలి, కర్రకి ఆ దయ ఉండదు. ఆ లావుపాటి చోట తగలకపోతే చేతులు జివ్వుమంటాయి, బంతి కాళ్ళ దగ్గరే చచ్చిపోతుంది. లైల్‌కది చిన్నప్పట్నుంచే తెలుసు. వాళ్ళ అన్న పారేసిన కర్ర బ్యాట్లతోనే అతను ఆట నేర్చుకున్నాడు. కానీ స్టోక్లీ లాంటివాడు ఇలా కొడతాడా?

ముక్కలు చంకన పెట్టుకుని డగౌట్‌లోకి వచ్చాడు. స్టోక్లీ ఒక్కడే ఉన్నాడు. కోచ్ మెట్ల మీద నిలబడి ఆటగాళ్ళ వరస రాసుకుంటున్నాడు.

"నాకేం అర్థం కావట్లేదు బ్రెనన్," అన్నాడు లైల్. "వీటితో ఎవరు ఆడారు?"

స్టోక్లీ మరకల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

లైల్ తన బ్యాట్ తీసి అతని ముందుకు చాపాడు. "ఇది పట్టుకో. బయట ఒక బంతి వేస్తాను, కొట్టు. ఇంకేం అడగను."

స్టోక్లీ చెయ్యి చాపలేదు. కోచ్ రాయడం ఆపాడు. స్టోక్లీ లేచి ఆయన ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"నేనే కోశాను కోచ్. వీడికేం సంబంధం లేదు. వచ్చినప్పట్నుంచీ ఎవరూ లేవకముందే ఇక్కడికొచ్చి, బంతులు విసిరే మెషీన్ పెట్టుకుని కొడుతున్నా. ఒక్కటీ తిన్నగా తగల్లేదు. మా కాలేజీలో నేను కొట్టిన బంతులు కంచె దాటితే జనం లేచి నిలబడేవాళ్ళు. అదంతా ఆ లోహం చలవేనేమో, నా చేతుల్లో ఏమీ లేదేమో అనిపించింది. ఇవాళ స్కౌట్లు అది చూస్తారు. బ్యాట్లే లేకపోతే చూడరు కదా. పొద్దున ఒకటి చీలింది. షెడ్డుకెళ్ళి మిగతావాటితో కలిపి దాన్నీ కోసేశా. అందరూ వీడిని అనుమానిస్తారని నాకు తట్టలేదు, అది నిజం. కానీ అందరూ వీడి వైపు తిరిగేసరికి హమ్మయ్య అనిపించింది కోచ్. నేనే కోశానన్న మాట బయటికి రాకనే ఇంతసేపూ లేసులు కట్టుకుంటూ కూర్చున్నా."