చెయ్యి అందినంత మేర

ప్రజాభిప్రాయం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముప్పై ఏళ్లుగా మున్సిపల్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పని చేస్తున్నాను. ఈ ఊరి జనానికి దేనిమీదైనా అభిప్రాయం ఉండగా నేను చూడలేదు. ఉన్నదల్లా ఫిర్యాదు. కాలవ పొంగితే ఫిర్యాదు, పొంగకుండా తవ్వితే ఫిర్యాదు. ఇక మా ఆఫీసువాళ్లకు అభిప్రాయాలుంటాయి గానీ, అవి కమిషనర్‌గారి మొహం చూశాక పుడతాయి.

అలాంటి ఊళ్లో అలాంటి ఆఫీసు, పాత టౌన్‌హాలు ముందున్న రాతి చౌక్‌ను ప్రజల భాగస్వామ్యంతో తిరిగి తీర్చిదిద్దుతానని బయల్దేరింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను.

చౌక్ నూట ముప్పై ఏళ్ల నాటిది. మధ్యలో ఒక ఫౌంటెన్ ఉంది, దాన్లో నీళ్లు చూశామని చెప్పేవాళ్లు అబద్ధాలకోరులన్నా అయి ఉండాలి, తొంభై ఏళ్లవాళ్లన్నా అయి ఉండాలి. ఉత్తరాన టౌన్‌హాలు. దాన్ని ఆనుకుని కమిషనర్‌గారి కారు కోసం వేసిన రేకుల షెడ్డు. అంత చక్కటి రాతిగోడకు అంత దరిద్రపు రేకులు ఆనించడానికి ఎంత ధైర్యం కావాలో! దక్షిణాన వరసగా తొమ్మిది రాతి కమానులు, ఒక్కో కమాను కింద ఒక్కో చిన్న కొట్టు. మూడో కమాను కింద మా అక్క గొడుగులూ, బ్యాగులూ, జిప్పులూ బాగుచేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అదే కమాను, అదే కుట్టుమిషను. ఆమె చేతిలో పడి బాగుపడని గొడుగు లేదు. ఆమె నోట్లో పడి బాగుపడ్డ మనుషులు మాత్రం తక్కువే.

పథకం కోసం ఒక ఆర్కిటెక్టును పిలిపించారు. ఎప్పుడు చూసినా నల్లచొక్కాలోనే ఉండేవాడు కాబట్టి ఆఫీసంతా అతన్ని నల్లచొక్కా అనే అనేవాళ్లం. వచ్చిన మొదటిరోజే, చౌక్ ఏం చెబుతుందో వినాలంటూ ఫౌంటెన్ గట్టుమీద కళ్లు మూసుకుని అరగంట నిలబడ్డాడు. ఒక పావురం వచ్చి అతని భుజంమీద రెట్ట వేసిపోయింది. చౌక్ చెప్పదలుచుకున్నది చెప్పేసిందని నేననుకున్నాను. అతను మాత్రం అప్పుడే పని మొదలుపెట్టాడు.

అతని పద్ధతి ఇదీ. టౌన్‌హాల్లో చౌక్ మ్యాపు పెద్దది పరుస్తారు. వచ్చినవాళ్లకు తలా మూడు ఎర్ర చుక్కలు ఇస్తారు, వెనక జిగురున్నవి. ఎక్కడ మార్పు కావాలనుకుంటే అక్కడ అంటించాలి. చుక్కలు ఎక్కడ గుంపుగా పడితే అక్కడ కూలగొట్టి కొత్తది కడతారు. బడికి వెళ్లే పిల్లలు ఆడుకునే ఆటను పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు గంభీరంగా చర్చిస్తుంటే చూడ్డానికి ఎంత కులాసాగా ఉంటుందో చెప్పలేను.

మ్యాపు గీసింది నేనే. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. చౌక్‌లో ఒక్కో రాయినీ కొలిచి రెండు నెలలు గీశాను. దానిమీద నాకున్న ప్రేమ మనుషుల మీద లేదు, ఒప్పుకుంటాను. బల్లలు కలిపి గోడకు ఆనించి వాటిమీద దాన్ని పరిచాం. రెండు పక్కలా ఫొటోల పలకలు నిలబెట్టారు. జనం రావడానికి మిగిలింది దక్షిణం వైపు ఒక్కటే.

మొదటి గంటలోనే ఒకాయన నా మ్యాపు మీద కాఫీ కప్పు పెట్టి తాపీగా చుక్కలు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు. గుండ్రటి మరక పడింది. వెంటనే స్టోరులోంచి తాడు తెచ్చి, బల్లకు అడుగున్నర ఇవతల నడుమెత్తున కట్టేశాను. ఎవరినీ అడగలేదు. మూడు రోజులు జనం తాడుమీద నుంచి వంగి చుక్కలు అంటించారు. నేను కుర్చీలో కూర్చుని, ఎవడి వేలు ఎంత మురికిగా ఉందో చూస్తూ గడిపాను.

లెక్క తేలింది. పదమూడు వందల పన్నెండు చుక్కలు, అందులో పదకొండు వందలు దక్షిణపు కమానుల మీదే. నల్లచొక్కా చంకలు గుద్దుకున్నాడు. దానికి రంగులేసి తెరమీద చూపించాడు. తొమ్మిది కమానులూ నిప్పంటుకున్నట్టు ఎర్రగా వెలిగాయి.

"ప్రజల గొంతు చాలా స్పష్టంగా ఉంది సార్," అన్నాడు.

"అంటే ఆ కొట్లు జనానికి నచ్చట్లేదన్నమాట," అన్నారు కమిషనర్‌గారు. ఆ మాట అనడానికి ఆయన అయిదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు ఊరే ఆయన తరఫున అనేసింది.

కొట్లు ఖాళీ చేయించి, కమానుల కింద జనం కూర్చుని మాట్లాడుకోవడానికి మెట్లు కట్టాలని తీర్మానం రాశారు. ఇరవై ఆరేళ్లుగా ఆ కమానుల కింద జనం ఇంకేం చేస్తున్నారో ఎవరూ అడగలేదు. నెలాఖరు మీటింగులో ఆమోదిస్తే అయిపోయినట్టే.

ఆ సాయంత్రమే అక్కకు చెప్పాను. ఆమె ఒక స్కూలు బ్యాగుకు పట్టీ కుడుతోంది.

"నా కమాను మీద ఎన్ని?" అంది తలెత్తకుండా.

"నూట డెబ్బై."

మిషను ఆగింది. "నూట డెబ్బై మందికి నేనేం చేశానురా?"

"నువ్వేం చెయ్యక్కర్లేదక్కా. జనమంతే. పొద్దున గొడుగు బాగుచేయించుకుంటారు, సాయంత్రం నిన్ను లేపెయ్యమంటారు. నేనెప్పట్నుంచి చెప్తున్నాను నీకు?"

"చెప్తూనే ఉన్నావులే," అంది. పట్టీ దారం తెంచి, "నేనే నమ్మలేదు," అంది.

మర్నాటి నుంచి అక్క మారిపోయింది. ఎవరు వచ్చినా బ్యాగు చూడ్డం మానేసి మొహం చూసేది. పదేళ్లుగా ఆమె దగ్గరికే వచ్చే టీచరమ్మ జిప్పు పాడైందని వస్తే, "ముందు ఇది చెప్పమ్మా, నువ్వూ అంటించావా?" అని అడిగేసింది. టీచరమ్మ నోరెళ్లబెట్టి, బ్యాగు వెనక్కి తీసుకుని వెళ్లిపోయింది. పదో రోజున అక్క మిషనును తోపుడుబండి మీద ఎక్కించి ఇంటికి తెచ్చేసుకుంది.

"ఇంకా ఇరవై రోజులుందిగా అక్కా," అన్నాను.

"పొమ్మన్నాక కూర్చోవడం నాకు చేతకాదు. నువ్వు ఆఫీసుకెళ్లు."

నాకు జనం మీద ఎంత అసహ్యం వేసిందంటే, ఆ వారం కౌంటరు దగ్గర ఒక్కడికీ తిన్నగా జవాబు చెప్పలేదు.

తర్వాతి సోమవారం మ్యాపు చుట్టి స్టోరులో పెట్టమన్నారు. నేల మీద పరిచి చుట్టబోతూ ఆగిపోయాను. దూరం నుంచి చూస్తే చుక్కలు ఒక గుంపులా లేవు, ఒక పట్టీలా ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా, దక్షిణపు అంచు నుంచి అడుగున్నర మేర నిండుగా ఉండి, అక్కడ స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోయాయి. కమానుకూ కమానుకూ మధ్యనున్న ఖాళీ గోడమీద కూడా అంతే దట్టంగా ఉన్నాయి. ఖాళీ గోడ మీద ఎవడికి కోపం ఉంటుంది? ఆ గీతకు అవతల మిగిలిన రెండొందల పన్నెండు చుక్కల్లో ఎక్కువ ఫౌంటెన్ మీదే ఉన్నాయి, అవన్నీ నేను తాడు కట్టకముందు మొదటి గంటలో పడ్డవే.

అప్పుడు గుర్తొచ్చింది. వేలికొసన చుక్క పెట్టుకుని తాడుమీద వంగిన ఒక పెద్దాయన, "ఫౌంటెన్ అందట్లేదు బాబూ, ఇక్కడ పెడితే అర్థం చేసుకుంటారుగా?" అని అడిగాడు. "పెట్టండి, పెట్టండి," అన్నాను నేను, తలెత్తకుండానే. ఇంకా ఎంతమంది అడిగారో నాకు తెలియదు. నేను వేళ్లు చూస్తున్నాను గానీ మాటలు వినలేదు.

నల్లచొక్కా దగ్గరికి పరిగెత్తాను. అంతా విని అతను జాలిగా నవ్వాడు.

"మనుషులు మనసులో ఉన్న చోటికే చెయ్యి తీసుకెళ్తారండీ. అది వాళ్లకే తెలియకుండా జరుగుతుంది."

"చేతికి మనసుండదండీ, పొడవుంటుంది," అన్నాను.

కమిషనర్‌గారు ఇంకా తేలిగ్గా తేల్చేశారు. "రిపోర్టు ప్రింటైపోయిందయ్యా. ఇప్పుడు తాడూ గీడూ అంటావేంటి? మీ అక్క కొట్టుంది కాబట్టేగా?"

నిజమే. మా అక్క కొట్టు లేకపోతే నేను ఆ మ్యాపును చుట్టి అవతల పడేసేవాణ్ని. ఆ మాట ఆయన నోటి వెంట రావడం మాత్రం నాకు భరించరానిదిగా ఉంది.

మీటింగుకు వారం ముందు ఒక విడ్డూరం జరిగింది. మొదటి విడతప్పుడు కమిషనర్‌గారు సెలవులో ఉన్నారు. రిపోర్టులో నలభై ఫొటోలున్నాయి, ఒక్కదాన్లోనూ ఆయన లేరు. దాంతో రెండో విడత ప్రజాభిప్రాయ సేకరణ అవసరమని అందరికీ ఒకేసారి తోచింది. ఒక్కరోజు పెడతారు, ఫొటోగ్రాఫరు వస్తాడు. కొత్త మ్యాపు ప్రింటు తీయించే పని నాకిచ్చారు.

కమిషనర్‌గారి ముందే నల్లచొక్కాను అడిగాను. "తాడు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"ఉంచాలి. పద్ధతి మారిస్తే రెండు ఫలితాలనూ పోల్చలేం."

"తాడువల్ల తేడా ఏం రాదుగా?"

"రాదని చెప్పానుగా. కావాలంటే రాసిస్తాను."

"రాసివ్వండి," అన్నాను. వెంటనే రాసిచ్చాడు, కింద సంతకం కూడా పెట్టాడు. తన తెలివి మీద అంత నమ్మకమున్న మనిషిని చూస్తే ముచ్చటేసింది.

అదే గోడ, అవే బల్లలు, అదే తాడు. మ్యాపును మాత్రం తిప్పి పరిచాను. ఇప్పుడు జనానికి దగ్గరగా ఉన్నది ఉత్తరం వైపు.

మొదటి చుక్క కమిషనర్‌గారిదే. ఫొటోగ్రాఫరు సిద్ధమయ్యాడు. ఆయన చుక్క పట్టుకుని తాడుమీదకు వంగి, కమానుల వైపు చెయ్యి చాచారు. అందలేదు. ఇంకా వంగారు. తాడు పొట్టలోకి దిగింది. కెమెరా వైపు నవ్వు చెడకుండా ఉంచుకోవాలి కదా, ఎక్కడో ఒకచోట అంటించేశారు. సొంత కారు షెడ్డు మధ్యలో! హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

సాయంత్రానికి తొమ్మిదొందల చుక్కలు పడ్డాయి. షెడ్డు ఉన్నచోట చుక్కల కింద అసలు మ్యాపే కనబడకుండా పోయింది.

మర్నాడు పొద్దున తెరమీద షెడ్డు భగభగా మండుతుంటే కమిషనర్‌గారి మొహం మాడిపోయింది. నల్లచొక్కా గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో ఒక సాంకేతిక లోపం కనిపిస్తోంది సార్. తాడువల్ల జనానికి దూరంగా ఉన్నవి అందలేదు. ఇది ప్రజల గొంతని అనలేం."

నేను అతను రాసిచ్చిన కాగితం తీసి బల్లమీద పెట్టాను. పక్కనే మొదటి మ్యాపు పరిచాను. దానిమీద చుక్కలు ఎక్కడ ఆగాయో పెన్సిల్‌తో గీసి, టేపుతో కొలిచి చూపించాను. రెండు మ్యాపుల్లోనూ ఒకే అడుగున్నర. షెడ్డు నిలవాలంటే కమానులూ నిలవాలి, కమానులు ఖాళీ చేయించాలంటే షెడ్డూ పోవాలి. కమిషనర్‌గారు రెండు నిమిషాలు ఆలోచించి రెండు విడతలనూ రద్దు చేశారు. పథకం వాయిదా పడింది, అంటే చచ్చింది. నల్లచొక్కా మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు.

నేను ఆఫీసులో సంతకం కూడా పెట్టకుండా అక్క ఇంటికి పరిగెత్తాను. అక్క కిటికీ దగ్గర మిషను ముందు కూర్చుని ఏదో పాత కర్టెను అంచు కుడుతోంది. కమిషనర్‌గారు వంగిన తీరు, తాడు పొట్టలోకి దిగిన తీరు, నల్లచొక్కా మాట మింగిన తీరు, అన్నీ చేసి చూపించాను. అక్క నవ్వింది. మూడు వారాల తర్వాత ఇదే నవ్వడం.

"అయితే నన్నెవరూ పొమ్మనలేదా?"

"ఒక్కళ్లూ అనలేదక్కా. అంతా ఆ తాడు వల్లే."

"కట్టిందెవరు?"

"నేనే," అన్నాను. ఎలాగూ చెప్పాల్సిందే.

"పోనీలే. తాడేగా," అంది. కర్టెను పక్కన పెట్టింది. మిషను చక్రం మీద చెయ్యి వేసింది. ఇంక లేచి రేపు కొట్టు తెరుస్తానంటుందని ఎదురుచూస్తున్నాను.

"టీచరమ్మకు నేనెవరో పదేళ్లుగా తెలుసు, అయినా నా మాటకు బిత్తరపోయింది," అంది. "ఆ మొహం చూసైనా నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. ఎందుకో తెలుసా? చెప్పింది నువ్వు కాబట్టి. మరి నీకేమైందిరా? పుట్టినప్పట్నుంచి నన్ను చూస్తున్నావు. నూట డెబ్బై మంది మా అక్కను పొమ్మంటున్నారంటే, ఒక్క నిమిషం కూడా, ఇదేదో తప్పు అయ్యుంటుందని అనిపించలేదా నీకు?"

ఎవరికైనా ఎదురు జవాబు చెప్పడంలో నన్ను మించినవాడు ఆఫీసులో లేడు.

"అనిపించలేదు," అంది అక్కే. కర్టెను మళ్లీ ఒళ్లోకి లాక్కుని, సూది కిందకు బట్ట జరిపింది.